ఎర్ర మేత సంగతి తర్వాత, ముందు చెరువులో ఆక్సిజన్ చూడండి

ప్రశ్న: రెండెకరాల చెరువులో బొచ్చె, శీలావతి పెంచుతున్నాను. వారం నుంచి మేత సగం మిగిలిపోతోంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. చీకట్లో మేత కనిపించక ఆకలితో అలా వస్తున్నాయేమో! ఎరుపు చేపకు బాగా కనిపిస్తుందని, మేతలో రంగు పొడి కలపమని డీలరు చెప్పాడు. చేపలకు రంగులు తెలుస్తాయా? ఏ రంగు మేత వేయాలి?

జవాబు: అది ఆకలి కాదు, ఊపిరాడక పడే అవస్థ. ఈ రోజు మేత పూర్తిగా ఆపేయండి. రంగు పొడి కొనకండి.

చేపలకు రంగులు తెలుస్తాయి. ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1910ల్లోనే ఒక రంగుకు మేతను అలవాటు చేసి పరీక్షించారు. బూడిద రంగు ఛాయలెన్ని పెట్టినా చేపలు ఆ రంగు దగ్గరకే వచ్చాయి. బొచ్చె కుటుంబానికే చెందిన గోల్డ్‌ఫిష్ కంట్లో రంగు గుర్తించే కణాలు నాలుగు రకాలు. మనకు మూడే. మనం చూడలేని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనిపిస్తుంది. అయితే ఆ కణాలు పనిచేయాలంటే వెలుతురు ఉండాలి. మసక చీకట్లో చేప వేరే కణాలతో చూస్తుంది, వాటికి రంగు తేడా తెలియదు. పైగా పచ్చటి చెరువు నీళ్లలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు మసకబారి నల్లగా అవుతుంది. మీ చేపలు నోళ్లు తెరిచే వేళకు ఎర్ర గుళికైనా, గోధుమ రంగు గుళికైనా వాటికి ఒకటే. మేత వెతకడానికి వాటికి వాసన, రుచి కూడా ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఎండలో చెయ్యి నీళ్లలో నిలువుగా ముంచండి. మోచేయి మునగక ముందే అరచేయి కనిపించకుండా పోతే ప్లవకాలు (నీటిని పచ్చగా మార్చే, కంటికి కనిపించనంత చిన్న నాచు మొక్కలు) మితిమీరినట్టే. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ ప్లవకాలే రాత్రి దాన్ని వాడేసుకుంటాయి. అడుగున కుళ్లుతున్న మీ మిగులు మేత మిగతాది లాగేస్తుంది.

అర్ధరాత్రి నుంచి బాగా ఎండ వచ్చేదాకా ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) నడపండి. లేకపోతే చెరువు నీళ్లనే మోటారుతో తోడి పైనుంచి చిమ్మించండి. చెరువు అడుగు నుంచి పావు వంతు నీళ్లు తీసి కొత్త నీళ్లు పెట్టండి. పేడ, ఎరువులు ఆపండి. పీహెచ్ చూడకుండా సున్నం చల్లొద్దు. ఉదయం 5–6 గంటల మధ్య నీటి పరీక్ష కిట్‌తో ఆక్సిజన్ కొలవండి, అడుగు నీళ్లు కూడా తీసి చూడండి. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే మంచిది. 3 కన్నా తక్కువుంటే మేత వేయొద్దు.

చేపలు తేలడం ఆగాక రోజుకు వాటి మొత్తం బరువులో 1 శాతం మేతతో మొదలుపెట్టండి, అంటే 1,000 కిలోలకు 10 కిలోలు. ఎండ ఎక్కాక 9–10 గంటలకు సగం, మధ్యాహ్నం 3కు సగం. మేత వేసిన రెండు గంటల తర్వాత కూడా మిగిలితే మర్నాడు పావు వంతు తగ్గించండి. అంతా తింటుంటే మెల్లగా 2 శాతానికి పెంచండి. మబ్బు పట్టిన రోజు సగమే.

వారం రోజులు మేత మిగులుతుంటే తగ్గించమని చెప్పాల్సింది పోయి, అందులో రంగు కలపమన్నాడు ఆ డీలరు! నీటి పరీక్ష చేయకుండా ఎవరేం చెప్పినా వినకండి. ఒక్క కిట్ దగ్గరుంటే ఇలాంటి పొడులు, మందులు ఎన్నో కొనక్కర్లేదు.

పొద్దెక్కాక కూడా చేపలు పైనే ఉంటే నాలుగైదింటిని పట్టి మొప్పలు ఎత్తి చూడండి. పాలిపోయినా, జిగట పట్టినా, కుళ్లినా ఏ మందూ వేయకుండా బతికున్న చేపలను, నీటి నమూనాను వెంటనే మత్స్యశాఖ ప్రయోగశాలకు తీసుకెళ్లండి.