నెమ్మది లేకపోతే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 39. మావారి బట్టల షాపు రెండేళ్ల క్రితం మూతపడింది. ఏడు లక్షల అప్పు మిగిలింది. అప్పటినుంచి ఆయన ఇంట్లో సరిగా మాట్లాడరు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. రోజూ తెల్లవారుజామున ప్రార్థన చేస్తాను, శుక్రవారం ఉపవాసం ఉంటాను. అయినా మనసుకు నెమ్మది లేదు, రాత్రిళ్లు నిద్ర రాదు. స్త్రీల కూడికలో చెప్పుకుంటే ‘నీకు విశ్వాసం తక్కువ’ అన్నారు. ప్రత్యేక కానుక పంపితే అప్పు తీరుతుందని ఒక ప్రసంగీకుడు చెప్పాడు. గాజులు తాకట్టు పెట్టి పంపమంటారా?
- ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: చెల్లెమ్మా, ముందు గాజుల సంగతి. వద్దు, పంపకండి. అమ్మానాన్నలకు పెట్టాల్సిన దాన్ని ‘కొర్బాను’ అని చెప్పి దేవుడి పేర పక్కన పెట్టేసేవాళ్లను యేసుప్రభువు గద్దించిన సంగతి మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. ఇంట్లోవాళ్ల నోటి దగ్గరిది తీసి ఇచ్చే కానుకను ఆయన అడగలేదు. అప్పు తీరుతుందని ఆశ చూపించి డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి, ఎంత బాగా ప్రసంగం చేసినా సరే.

ఇక కూడికలో మీరు విన్న మాట. అది మీ మనసుకు ఎంత గుచ్చుకుందో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. కానీ గెత్సేమనే తోటలో ప్రభువు ఏమన్నారో గుర్తు చేసుకోండి. తన ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో మునిగి ఉందని శిష్యులతో చెప్పారు, తనతో కూడా మెలకువగా ఉండమని బతిమాలారు. ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా? 13వ కీర్తన మొదలయ్యేదే ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని. 88వ కీర్తన అయితే చివరికి కూడా చీకటిలోనే ఆగిపోతుంది, ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. అందుకే, రేపు తెల్లవారుజామున స్తుతి మాటలు రాకపోతే బలవంతం చేసుకోకండి. కోపం ఉంటే కోపమే చెప్పండి, ఏడుపు వస్తే ఏడవండి. దేవుడి ముందు కూడా నవ్వు ముఖం పెట్టుకుని కూర్చోవాల్సి వస్తే నెమ్మది ఎక్కడినుంచి వస్తుంది? దేన్నిగూర్చీ చింతపడవద్దని ఫిలిప్పీయులకు రాసిన పౌలు ఆ ఉత్తరం రాసింది చెరసాల బంధకాల్లో ఉండి. కష్టం తీరాక వచ్చే శాంతి గురించి కాదు ఆయన చెప్పింది.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఏలీయా గుర్తొచ్చాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడండి. అంతటి ప్రవక్త అడవిలో చెట్టు కింద కూర్చుని ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నాడు. దేవదూత వచ్చి ఆయనకు పాఠం చెప్పలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే లేపి, ఇంకోసారి తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. నిద్ర లేని ఒంటితో శుక్రవారం ఉపవాసం కూడా ఎందుకమ్మా? కొన్నాళ్లు ఆపండి. అది పాపం కాదు.

మీవారి మౌనం కూడా భయమే అనుకుంటాను. సంపాదన పోయిన మగవాడు ఇంట్లోవాళ్ల ముఖం చూడలేకపోతాడు. ‘మీ వల్లే’ అనే మాట రానివ్వకుండా ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత అన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ వడ్డీది ముందు తీర్చే దారి చూడండి. అవసరమైతే గాజులు అందుకు వాడుకోండి. అమ్మాయికి కూడా విషయం కొంత చెప్పండి, దాచిపెడితే తను ఇంకా ఎక్కువ ఊహించుకుని భయపడుతుంది. మీ సంఘంలో మాట బయటికి పొక్కనివ్వని పెద్దావిడ ఎవరైనా ఉంటే, పాస్టర్ అమ్మగారైనా సరే, ఆమెతో విడిగా మాట్లాడండి. కూడికలో అందరి ముందూ చెప్పుకోనక్కర్లేదు.

నిద్ర విషయం మాత్రం వాయిదా వేయకండి, ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించుకోండి. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడు అన్నాడు. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గిపోదు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో కౌన్సెలర్లు మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. బతకాలనిపించని ఆలోచన ఎప్పుడైనా వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఫోన్ చేయండి, మీవారిని నిద్ర లేపండి.