స్కోప్ చెడిపోలేదు, విప్పకండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టుకున్నప్పటి నుంచి షూటింగ్ పిచ్చి పట్టుకుంది, ఇప్పుడు క్లబ్బు రైఫిల్‌తో నేర్చుకుంటున్నా. 50 మీటర్ల దగ్గర స్కోప్ (రైఫిల్ మీద గురిచూసే దుర్బిణి) సరిచేస్తే తూటాలు నడిమధ్యలో పడుతున్నాయి. అదే 100 మీటర్లలో గురి అట్ట పెడితే జానెడు కిందికి! స్కోప్ పోయిందా? తూటా మొదట పైకి లేస్తుందని మా సీనియర్ అంటాడు, మరి ఇదేంటి?

జవాబు: స్కోప్‌కి ఏమీ కాలేదు. మీరు జానెడు అన్నారు చూడండి, లెక్క ప్రకారం రావలసింది కూడా దాదాపు అంతే.

మీ సీనియర్ మాట సగం నిజం. గొట్టం దాటిన క్షణం నుంచే తూటాని భూమి కిందికి లాగుతుంది, దానంతటది లేవడం ఉండదు. కాకపోతే స్కోప్ గొట్టానికి నాలుగు సెంటీమీటర్ల పైన కూర్చుంటుంది కదా, మనం 50కి సరిచేసినప్పుడు గొట్టం మూతి చూపు కంటే రవ్వంత పైకి ఎత్తి ఉంటుంది. జొన్నచేలో పిట్టలు తోలేవాళ్ళు ఒడిసెల రాయిని కాస్త పైకే వదులుతారే, అలాగ. తూటా చూపుగీత (స్కోప్‌లోంచి మన కన్ను చూసే సూటి గీత) దాటి పైకొచ్చి, మళ్ళీ దిగుతూ 50 దగ్గర కలుస్తుంది. ఆ తర్వాత ఇక దిగుడే.

మామూలు .22 తూటా సెకనుకి సుమారు 330 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 50 మీటర్లు చేరేలోపు గొట్టం చూపే సూటి గీత నుంచి 12 సెంటీమీటర్లు పడిపోతుంది, 100కి వెళ్ళేసరికి అర మీటరు. దూరం రెట్టింపైతే పడేది నాలుగు రెట్లు, పైగా గాలి దాని వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. గొట్టం ఎత్తి ఉండటం వల్ల అందులో కొంత సర్దుకుపోయి, మీకు 20 సెంటీమీటర్ల తేడా మిగులుతోంది.

చాలా స్కోపుల్లో ఒక క్లిక్కు (స్కోప్ మీది మీటను ఒక్క మెట్టు తిప్పడం) 100 మీటర్ల దగ్గర 7 మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే 'అప్' వైపు 28 క్లిక్కులు. అదే క్లిక్కు 50 దగ్గర సగమే జరుపుతుంది, చాలామంది తికమక పడేది ఇక్కడే. లెక్కని గుడ్డిగా నమ్మకుండా అయిదు తూటాలు కాల్చి, చిల్లులు ఎక్కడ పడ్డాయో స్కేలు పెట్టి కొలవండి, తూటాల కంపెనీ మారిస్తే మళ్ళీ కొలవాల్సిందే. ఈ పని పొద్దున్నే పెట్టుకోండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే 100 మీటర్లలో తూటాని బెత్తెడు పక్కకి తోసేస్తుంది, అప్పుడు మీరు స్కోప్‌ని సరిచేస్తున్నారో గాలిని సరిచేస్తున్నారో తెలీదు.

అన్నట్టు, 50కి తిరిగొచ్చినప్పుడు ఆ 28 క్లిక్కులూ వెనక్కి తిప్పండి. నేనొకసారి మరిచిపోయి, అయిదు తూటాలూ అట్ట పై అంచులో పెట్టాక గానీ గుర్తు రాలేదు.