పులుసు కన్నా మీ నొప్పి బిళ్ల మీదే అనుమానం

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తిరుపతిలో ఉంటాను, కథలూ నవలలూ రాస్తాను. ఇప్పుడు రాస్తున్న నవలంతా చిత్తూరు పక్క ఒక పల్లె వంటింట్లో నడుస్తుంది. అందులో వచ్చే ప్రతి వంటా చేసి చూశాకే రాస్తున్నా. సంగటి, ఉలవచారు, ఊరిబిండి, నాటుకోడి పులుసు, అన్నీ రోలూ తెడ్డూ పట్టుకుని పాత పద్ధతిలోనే. పగలు వంట, రాత్రి రెండింటి దాకా రాత. ఆరు నెలలుగా కడుపులో మంట, పుల్లటి తేన్పులు. రోజూ పాంటాప్రజోల్ వేసుకుంటున్నా. కుడి మణికట్టు నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన బిళ్ల రోజుకొకటి, ఒక్కోసారి రెండు, అన్నం తిన్నాకే వేసుకుంటా. నేను ఏ వంటలు మానాలి? చింతపండు ఆపితే చాలా? మజ్జిగ పనిచేస్తుందా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చింతపండు సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ నొప్పి బిళ్ల.

ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపి నొప్పి తగ్గిస్తాయి. కడుపు లోపలి పొర మీద జిగురు ఊరడానికీ, ఆ పొరకు రక్తం సరిగా అందడానికీ కావలసినవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అవి తగ్గితే మీ యాసిడే మీ కడుపును కొరుకుతుంది. ఇక 'అన్నం తిన్నాకే' అన్న ధీమా. బిళ్ల నేరుగా కడుపుకు తగిలి చేసే హాని కొంతే. మందు రక్తంలో కలిశాక జరిగే హానే ఎక్కువ, అందుకే ఈ మందు ఇంజెక్షన్‌గా తీసుకున్నవాళ్లకూ పుండు పడొచ్చు. తిన్నాక వేసుకోవడం మంచి అలవాటే, కానీ నెలల తరబడి వాడకానికి అది లైసెన్సు కాదు. కిడ్నీలు, బీపీ మీద కూడా దీని ప్రభావం ఉంటుంది.

యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ కడుపుకు కొంత రక్షణ ఇస్తుంది, కింది పేగులకు ఇవ్వదు. పైగా మంట అణిగి ఉండటంతో లోపల పుండు ఉన్నా తెలియకుండా నెలలు గడిచిపోతాయి. అది కూడా పొద్దున టిఫినుకు అరగంట ముందు వేసుకుంటేనే సరిగా పనిచేస్తుంది. మంట లేచినప్పుడు రాత్రి పూట మింగితే పెద్దగా లాభం లేదు. ఏళ్ల తరబడి సాగితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఎగదన్ని 'ఇది లేకపోతే బతకలేను' అనిపిస్తుంది. కాబట్టి దాన్ని మీ అంతట మీరు ఆపొద్దు.

మీరు రాయనివి కొన్ని నాకు తెలియాలి. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తోందా? బరువు తగ్గారా? మింగేటప్పుడు ముద్ద అడ్డుపడుతోందా? మెట్లెక్కితే ఆయాసమా? ఐరన్ బిళ్లలు వాడినా మలం నల్లబడుతుంది, కానీ ఆ తేడా మీరు ఇంట్లో తేల్చుకోకండి. నల్లటి మలం, రక్తపు వాంతి, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి రుయా లాంటి ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీలో మంట నడిచినప్పుడు పెరిగి కూర్చుంటే తగ్గుతుంటే అది గ్యాస్ అనుకోవద్దు, అదే రోజు ఈసీజీ తీయించుకోండి. ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో గుండె నొప్పి ఇలా గ్యాస్ వేషంలో రావడం మామూలే.

ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే ఒక ఫిజీషియన్‌నో, గ్యాస్ట్రో డాక్టర్‌నో కలవండి (స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది). హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూస్తారు, అవసరమైతే ఎండోస్కోపీ. హెచ్.పైలోరీ అనే బ్యాక్టీరియాకు పరీక్ష చేయాలంటే పాంటాప్రజోల్ రెండు వారాల ముందు ఆపాల్సి వస్తుంది. ఎప్పుడు ఆపాలో వాళ్లు చెబుతారు. మీరు వాడుతున్న బిళ్లల స్ట్రిప్పులు ఖాళీవైనా సరే తీసుకెళ్లండి.

నొప్పి బిళ్ల మాత్రం ఈ రోజే ఆపండి. లివర్ జబ్బు లేకపోతే విడిగా పారాసెటమాల్ సాధారణంగా సురక్షితం. మోతాదు మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. గుండె కోసం ఎవరైనా ఆస్పిరిన్ రాసి ఉంటే దాన్ని ఆపకండి, ఆ డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంతకీ ఆ మణికట్టు ఎందుకు నొప్పెడుతోందో ఎవరూ చూడలేదు! ఇన్నాళ్లూ మందు మింగారు, జబ్బు పేరు తెలియదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రి తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టులో నరం నొక్కుకుంటోందేమో చూడాలి. థైరాయిడ్, షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువ కాబట్టి ఆ పరీక్షలూ చేయించండి. నొప్పి బొటనవేలి మొదట్లోనే ఉంటే నరం కాదు, స్నాయువు వాపు కావచ్చు. రోలు, తెడ్డు, కీబోర్డు మూడూ ఒకే చేతి మీద పడుతున్నాయి. సంగటి గిన్నె పొయ్యి మీద ఉండగా గెలకకుండా కింద దించి, ఎవరినైనా గుడ్డతో గట్టిగా పట్టుకోమని, రెండు చేతులతో గెలకండి. నూరిన రోజు రాత్రి టైపింగ్ వద్దు. నరమే అని తేలితే రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టి ఉంచే స్ప్లింట్ ఆరు వారాలు కట్టుకోమంటారు.

ఇక మీ ప్రశ్న. చింతపండు, కారం పుండును పుట్టించవు, ఉన్న మంటను రేపుతాయి. మీకు పడనిదేదో మీ నాలుక్కీ కడుపుకీ తెలుస్తుంది, దాన్ని తగ్గించండి. నవలకు రుచి తెలిస్తే చాలు, చెంచాడు నాలుక మీద ఆడించి ఉమ్మేయండి. వంట మధ్యాహ్నంలోపు ముగించండి. చివరి తిండికీ పడకకూ మూడు గంటలుండాలి. తెల్లవారుజామున రెండింటికి పడుకునేవాళ్లు పన్నెండింటికి మిగిలిన పులుసుతో అన్నం కలుపుకుంటే ఏ మందూ నిలవదు. దిండ్లు పేర్చొద్దు, మంచం తలవైపు కోళ్ల కింద అరడుగు ఎత్తు పెట్టండి. రాత్రి రాతకు తోడు కాఫీ ఉంటే అదీ తగ్గాలి. మజ్జిగ తాగండి, ఉప్పు తక్కువగా. అది హాయినిస్తుంది, పుండు మాన్పదు.

ఎండోస్కోపీ రాస్తే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. రుచి చూసిన చెంచా కూడా తిన్నట్టే లెక్క, ఆ పూట వంట పెట్టుకోకండి.