నచ్చిన నటనల జాబితా రాసే ముందు

చి. అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీకు నచ్చిన పది నటనల జాబితా అందింది. పేర్లతో నాకు పెద్దగా పేచీ లేదు, పక్కన రాసిన కారణాలతోనే. ‘ఏడిపించేశాడు’, ‘జీవించేశాడు’, ‘పాత్రలో ఒదిగిపోయింది’ లాంటి మాటలు ఎవరికైనా అతుకుతాయి. అందుకే అవి ఎవరి గురించీ ఏమీ చెప్పవు. నిన్ను ఏడిపించింది కథ కావచ్చు, నేపథ్య సంగీతం కావచ్చు, ఎడిటర్ కత్తెర కావచ్చు. అందులో నటుడి వాటా ఎంతో విడదీసి చూడాలి. దానికో పద్ధతి ఉంది.

సినిమా మొత్తం ఒకసారి మామూలుగా చూసెయ్. తర్వాత అందులోంచి రెండు మూడు నిమిషాల సన్నివేశం ఒకటి ఎంచుకో. క్లైమాక్స్ వద్దు. అక్కడ వాన, వయొలిన్లు, క్లోజప్పులు అన్నీ నటుడి పక్షానే ఉంటాయి. ఇంట్లోకి రావడం, అన్నం తినడం, ఫోన్లో ఎదుటివాళ్ల మాట వినడం లాంటి చప్పటి సన్నివేశం తీసుకో. దాన్ని మూడుసార్లు చూడాలి. మొదట మ్యూట్‌లో, రెండోసారి కళ్లు మూసుకుని గొంతు మాత్రమే వింటూ, మూడోసారి రెండూ కలిపి. ఈ వరస మార్చకు. మాట ముందే వింటే, ముఖంలో లేని భావాన్ని కూడా నీ చెవి నింపేస్తుంది.

మ్యూట్‌లో ముందుగా చూడాల్సింది కళ్లు ఎప్పుడు కదులుతున్నాయన్నది. మనిషికి ఆలోచన ముందు వస్తుంది, మాట తర్వాత. మంచి నటుడిలో ఆ చిన్న ఎడం కనిపిస్తుంది. కళ్లలో ఏదో తట్టి, అప్పుడు పెదవి కదులుతుంది. డైలాగ్ అప్పజెప్పేవాడికి ముఖం, మాట ఒకేసారి మొదలై ఒకేసారి ఆగిపోతాయి. తన వంతు అయిపోగానే ముఖంలో దీపం ఆరిపోతుంది, మళ్లీ వంతు వచ్చేదాకా వెలగదు. అందుకే మాట్లాడేవాణ్ణి వదిలేసి వినేవాణ్ణి చూడు. చాలా పేర్లు అక్కడే రాలిపోతాయి.

తర్వాత చేతులు. ‘ఆన్ ద వాటర్‌ఫ్రంట్’ (1954)లో మార్లన్ బ్రాండో, ఈవా మేరీ సెయింట్ పార్కులో నడుస్తూ మాట్లాడుకునే సన్నివేశం దొరికితే చూడు. ఆమె గ్లవ్ కిందపడుతుంది. అతను తీసి ఇచ్చెయ్యడు. దుమ్ము దులుపుతాడు, ఉయ్యాల మీద కూర్చుంటాడు, చివరికి తన చేతికి తొడుక్కుంటాడు. ఆమెకు వెళ్లిపోవాలని ఉంది, గ్లవ్ ఏమో అతని దగ్గర ఉంది. ‘కాసేపు ఉండు’ అన్న మాట ఎక్కడా లేకుండానే పని జరిగిపోయింది. నీ జాబితాలో ఒక్కో పేరు పక్కనా ఇలాంటిది ఒకటి రాయగలవా?

గొంతు దగ్గర మన సినిమాల్లో ఒక చిక్కుంది. తెరమీది మనిషి ఒకరు, డబ్బింగ్ చెప్పినవారు మరొకరు కావచ్చు. తెలుసుకోకుండా ‘వాచికం అమోఘం’ అని రాస్తే ఒకరి కష్టం మరొకరి ఖాతాలో పడుతుంది. పాటల్లో సరేసరి.

కట్లు, అంటే షాట్ మారే చోట్లు, కూడా లెక్కపెట్టు. రెండు సెకన్లకో ముక్క పడుతుంటే ఆ సన్నివేశాన్ని నడిపేది ఎడిటరే. వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖం షాట్ ఒక్కటే తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ కనిపించేలా అతికించాడు. చూసినవాళ్లకు ఆకలి, దుఃఖం, కోరిక వేర్వేరుగా కనిపించాయట. ముఖం మాత్రం మారలేదు. కాబట్టి తల నుంచి కాళ్ల దాకా కనిపిస్తూ, అరనిమిషమైనా కట్ లేకుండా సాగే షాట్ దొరికితే అదే గట్టి సాక్ష్యం.

మన దగ్గర ఇందుకు ‘మాయాబజార్’ (1957) చాలు. మాయా శశిరేఖగా సావిత్రి చేస్తున్నది శశిరేఖను కాదు, శశిరేఖలా నటిస్తున్న ఘటోత్కచుణ్ణి. అంటే ఒకే ఒంట్లో రెండు పొరలు. పైన పెళ్లికూతురి సిగ్గు, కింద ఎస్వీ రంగారావు గారి రాజసం. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు వినిపించే చోట ఆపి, వెనక్కి తిప్పి చూడు. భుజాలు, ఛాతీ, అడుగు వెడల్పు ఒక్కొక్కటీ ఎలా మారుతున్నాయో గమనించు. మగవాణ్ణి వెక్కిరిస్తున్నట్టు చేసి ఉంటే నవ్వొచ్చేది, అంతే. ఆమె ఒక ఫలానా మగవాణ్ణి, అదే సినిమాలో మనం చూసిన రంగారావు గారి ఘటోత్కచుణ్ణి పట్టుకుంది. ముందు ఆయన సన్నివేశం, వెంటనే ఈమెది పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.

ఒకే నటుణ్ణి రెండు పాత్రల్లో పోల్చడం కూడా పనికొస్తుంది. అదే రంగారావు గారు ‘గుండమ్మ కథ’ (1962)లో ఇద్దరు కొడుకుల తండ్రి. అదే విగ్రహం, అదే గొంతు, కానీ నడకలో గద బరువు లేదు. రెండు పాత్రలకూ నడక ఒకటే అయితే అది వ్యక్తిత్వం, నటన కాదు. స్టార్‌ని ఇష్టపడటం తప్పేం కాదు, దానికి వేరే జాబితా వేసుకో.

బరువు తగ్గాడు, ఆరు నెలలు శిక్షణ తీసుకున్నాడు అన్నవి తయారీ కింద లెక్క. వాటికి మార్కులు వెయ్యకు. నిడివికీ వెయ్యకు. ‘ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్’ (1991)లో ఆంథొనీ హాప్కిన్స్ తెరమీద ఉండేది సుమారు పావుగంటే. ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. నీ జాబితాలో పదిమందీ కథానాయకులూ నాయికలే. నౌకరు, గుమాస్తా, అత్తగారు ఒక్కరూ లేరు. అక్కడ ఇంకాస్త వెతకాలి.

ఇక రాసేటప్పుడు పేరు, సినిమా, సంవత్సరం, సన్నివేశం మొదలయ్యే నిమిషం, అందులో శరీరం చేసిన ఒక పని, ఇవి రాస్తే చాలు. విశేషణం ఒక్కటి దాటకూడదు. పదీ ఒక్కరోజే కూర్చుని తేల్చకు, రోజుకు ఒకటి కంటే ఎక్కువైతే కన్ను మొద్దుబారుతుంది. మూడో పేరుతో మొదలుపెట్టు, నాకు అనుమానం ఉన్నది దాని మీదే. మ్యూట్‌లో చూశాక కూడా నిలబడితే ఏ నిమిషంలో, ఎందుకో రాసి పంపు.

ఇట్లు,
మావయ్య