మా పాప రోజంతా కోడ్‌లో ఒక మాట వెతుకుతోంది, దీనివల్ల ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది రాయగడ. హోల్‌సేల్ కిరాణా కొట్టు ఉంది. మా పాప స్కూలంతా ఒడియా మీడియం, ఇప్పుడు బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది. సెలవులకు వచ్చిందన్న మాటే గానీ పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందే. ఏం చేస్తున్నావమ్మా అంటే ‘లిబ్రాఫీస్ కోడ్‌లో ఒక మాట ఎక్కడుందో వెతుకుతున్నా నాన్నా’ అంటుంది. లిబ్రాఫీస్ అంటే ఉత్తరాలు, లెక్కలు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేరట. అది ఓపెన్ సోర్సట, అంటే దాని కోడ్ ఎవరైనా చూసి మార్చొచ్చట, రూపాయి రాదట. ఆ కోడ్ సగం కూడా అర్థం కావట్లేదని మొన్న ఏడ్చింది. విశాఖలో ‘జాబ్ గ్యారంటీ’ కోర్సులో చేర్పించమని మా బావమరిది ఒకటే పోరు. ఏం చేయమంటారు?

జవాబు: చేర్పించకండి. కనీసం ఇప్పుడు వద్దు. మీ పాప చేస్తున్నది ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచీ ఎలాగూ చేయాల్సిన పనే. కొత్తగా చేరినవాళ్లకు ఖాళీ ఫైలు ఇచ్చి ప్రోగ్రామ్ రాయమనే కంపెనీలు తక్కువ. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్ చేతిలో పెట్టి, ‘ఈ బటన్ నొక్కితే తప్పు మెసేజ్ వస్తోంది, చూడు’ అంటారు. అక్కడ చాలామందికి చెమటలు పడతాయి. ఎందుకంటే కాలేజీ ల్యాబ్‌లో రాసేవి చిన్న ప్రోగ్రాములు. ఎవరిది వాళ్లే రాసుకుంటారు కాబట్టి వెతకాల్సిన పనే రాదు.

సగం అర్థం కాలేదని ఏడ్చిందన్నారు. సగం అర్థమైందని చెబితే నేను నమ్మేవాణ్ని కాదు! లిబ్రాఫీస్ కోడ్ కోటి లైన్ల దరిదాపుల్లో ఉంటుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ అయితే 3 కోట్లు దాటింది. వాటిని మొదటి నుంచి చివరిదాకా ఎవరూ చదవరు. మీ కొట్లో ఒకరి బాకీ చూడాలంటే ఖాతా పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుతారా? పేరు పట్టుకుని నేరుగా ఆ పేజీ తీస్తారు. ప్రోగ్రామర్లూ అంతే. 1970ల్లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం, దాని సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ రాసిన, ఫైళ్లలో మాటలు వెతికే ‘గ్రెప్’ అనే చిన్న ప్రోగ్రామ్ ఇందుకే ఇప్పటికీ బతికుంది. ఇప్పుడు అందరూ వాడే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఫైళ్లన్నిటినీ గాలించేది ‘రిప్‌గ్రెప్’. అదీ ఆ కోవలోదే.

ఇక్కడి నుంచి మీ పాపకు చూపించండి. తెలుగు చదవడం అలవాటు లేకపోతే మీరే చదివి చెప్పండి.

అమ్మా, వెతికే కమాండ్ పది నిమిషాల్లో వస్తుంది. ఏ మాట వెతకాలో తెలియడానికే నెలలు పడుతుంది. ‘సేవ్’ అని వెతికితే కామెంట్లు, టెస్టులు, వేరియబుల్ పేర్లు కలిసి వేల లైన్లు వచ్చి పడతాయి. పోనీ అని మెనూలో కనిపించే ‘సేవ్ యాజ్’ను యథాతథంగా వెతికితే నీకు కావలసిన లైను అసలు రాకపోవచ్చు. ఆల్ట్ కీతో ఏ అక్షరం పనిచేయాలో చెప్పడానికి ఆ లేబుల్‌లో ‘యాజ్’ ముందు ఒక టిల్డా (~) గుర్తు పెట్టి ఉంటారు. డైలాగ్ బాక్సుల ఫైళ్లలో అయితే టిల్డా బదులు అండర్‌స్కోర్. అందుకని ఆ గుర్తు ఉండే చోట ఒక చుక్క పెట్టి వెతుకు. గ్రెప్‌కు చుక్క అంటే ‘ఏదో ఒక అక్షరం’ అని అర్థం.

లేబుల్ దొరికితే పని అయిపోయినట్టు కాదు. దాని పైనే ‘యూనో’తో మొదలయ్యే ఒక కమాండ్ పేరు ఉంటుంది. ఈసారి అందులో ‘యూనో’ తర్వాత వచ్చే మాటను వెతుకు. అది ‘ఎస్ఐడీ’తో మొదలయ్యే ఒక ఐడీ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ ఐడీని వెతికితే అసలు పని జరిగే సీ ప్లస్ ప్లస్ ఫంక్షన్ దగ్గర తేలతావు. ప్రతి మెట్టు దగ్గరా ఏం వెతికావో, ఏ ఫైల్లో దొరికిందో నోట్‌బుక్‌లో రాసుకో. ఇంటర్వ్యూలో ‘నీ ప్రాజెక్ట్ గురించి చెప్పు’ అన్నప్పుడు చెప్పాల్సింది ఈ ప్రయాణమే. ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేశాను సార్’ అనేవాళ్లు ఆ గది బయట వరసలో చాలామందే ఉంటారు.

మామూలు గ్రెప్ కంటే ‘గిట్ గ్రెప్’ వాడటం మేలు. గిట్ అంటే కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ నమోదు చేసే టూల్. గిట్ గ్రెప్ అందులో నమోదైన ఫైళ్లనే చూస్తుంది కాబట్టి, కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్‌లో పుట్టిన చెత్త మధ్యలోకి రాదు. పూర్తి పదమే కావాలంటే చిన్న డబ్ల్యూ ఆప్షన్ (-w) పెట్టు. అనువాదాల ఫైళ్లు వేరే సబ్‌మాడ్యూల్‌లో, అంటే విడిగా ఉండే గిట్ భాగంలో ఉంటాయి, అందుకే తెలుగు మాటో ఒడియా మాటో అలా వెతికితే ఏమీ దొరకకపోవచ్చు. అది చూసి కంగారుపడకు.

ఒక లైను అక్కడికి ఎందుకొచ్చిందో తెలియాలంటే ‘గిట్ లాగ్’కు పెద్ద ఎస్ ఆప్షన్ (-S) ఇచ్చి ఆ మాట రాయి. అది ఏ మార్పుతో వచ్చిందో, ఏ మార్పుతో పోయిందో చూపిస్తుంది. కాకపోతే డేటా మిగులుతుందని డెప్త్ 1 పెట్టి, అంటే చివరి మార్పు వరకే క్లోన్ చేసి ఉంటే పాత చరిత్ర నీ దగ్గర ఉండదు, ఆ కమాండ్ వల్ల ఉపయోగం ఉండదు. నెట్ బాగా అందే రోజున పూర్తిగా దించుకో. పాత చరిత్రలో జర్మన్ కామెంట్లు కనిపిస్తే ఆశ్చర్యపోకు. ఈ కోడ్ జర్మనీలో స్టార్ ఆఫీస్‌గా పుట్టింది, 2000లో ఓపెన్ సోర్స్ అయింది, 2010లో లిబ్రాఫీస్‌గా వేరుపడింది. ఆ కామెంట్లను వాలంటీర్లు ఏళ్ల తరబడి ఇంగ్లిష్‌లోకి మార్చారు. దించుకోకుండా బ్రౌజర్‌లోనే వెతకాలంటే లిబ్రాఫీస్‌కు ఓపెన్‌గ్రోక్, ఫైర్‌ఫాక్స్‌కు సెర్చ్‌ఫాక్స్, లినక్స్ కెర్నెల్‌కు ఎలిక్సిర్ ఉన్నాయి.

ఏఐని అడిగితే సరిపోదా అంటావేమో. అడుగు, తప్పేం లేదు. కోడ్ రాసే ఏఐ టూల్స్ కూడా చాలావరకు లోపల ఇలాంటి సెర్చే చేస్తాయి. అది చెప్పిన ఫైలు తెరిచి, ఆ లైను నిజంగా ఉందో లేదో కళ్లతో చూశాకే నమ్ము.

ఒక్క పని మాత్రం చేయకు. తప్పు స్పెల్లింగుల కోసం వెతికి, ఎవరూ అడగకపోయినా పదుల కొద్దీ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపడం. ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు అప్పట్లో టీషర్ట్ ఇచ్చిన కార్యక్రమం హ్యాక్‌టోబర్‌ఫెస్ట్. 2020లో ఆ టీషర్ట్ కోసం ఇలాంటి పనికిమాలిన మార్పులు కుప్పలుగా వచ్చి పడ్డాయి. దాంతో ఒప్పుకున్న ప్రాజెక్టులకే పంపాలని అక్టోబర్ మొదటి వారంలోనే రూలు మార్చాల్సి వచ్చింది. మన దేశం పిల్లలకు అప్పుడు బాగా చెడ్డపేరు వచ్చింది. కొత్తవాళ్ల కోసమే లిబ్రాఫీస్‌లో ‘ఈజీ హ్యాక్స్’ జాబితా ఉంది. అందులోంచి ఒకటి తీసుకుని చివరిదాకా చెయ్యి. తర్వాత గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు, అంటే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేయించే గూగుల్ కార్యక్రమానికి అప్లై చేయవచ్చు. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లయితే చాలు. ప్రాజెక్టు పూర్తిచేస్తే స్టైపెండ్ ఇస్తారు. నీకు ఒడియా, తెలుగు రెండూ వచ్చు కదా, ఆ రెండు లిపుల్లో అక్షరాలు సరిగా కనిపించని బగ్‌ల మీద కన్నేసి ఉంచు. వాటిని చూడగానే తప్పెక్కడో పట్టుకోగలిగేవాళ్లు ఏ ప్రాజెక్టులోనైనా తక్కువే.

ఇక మీకు, అయ్యా. ఇది గ్యారంటీ ఉద్యోగమని నేను చెప్పను. మూడో ఏడాది అయ్యేలోపు ఒక్క మార్పైనా లిబ్రాఫీస్‌వాళ్లు అంగీకరించేలా చూసుకోమని పాపకు గడువు పెట్టండి. రాత్రి పదకొండు తర్వాత ల్యాప్‌టాప్ మూసేయమనండి, అడ్డమైన టైములో చేస్తే టెన్షన్ తప్ప పని సాగదు. బావమరిదిగారిని నొప్పించకుండా తప్పించుకోవాలంటే, ఆ గ్యారంటీ మాటను, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసిస్తామన్న మాటను కోర్సు వాళ్లచేత కాగితం మీద రాయించుకు రమ్మనండి. ఆ ఫీజులో కొంత తీసి పాప ల్యాప్‌టాప్‌కు ర్యామ్ 16 జీబీ చేయించి, ఎస్ఎస్‌డీ లేకపోతే వేయించండి. లిబ్రాఫీస్ మొత్తాన్ని మొదటిసారి బిల్డ్ చేయడానికి మామూలు ల్యాప్‌టాప్‌లో గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా ఇన్వర్టర్ లైనుకు ప్లగ్ పెట్టించండి.