తమ్ముడికి వచ్చిన రిపోర్టు నాకూ వర్తిస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు. వండిన అన్నమే మళ్లీ వండుతోంది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు లాలాజలంతో జన్యు పరీక్ష చేయించుకున్నాడు. ‘ఏపీఓఈ ఈ4’ ఒకటి ఉందని, అల్జీమర్స్ ముప్పు ఎక్కువని వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, ఈ లెక్క ఐరోపా సంతతి వారిని బట్టి వేసినదని ఉంది. నాకు 46. నేనూ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ చిన్న అక్షరాలు చదివి మంచి పని చేశారు. సగం జవాబు అక్కడే ఉంది.

ఏపీఓఈ జన్యువులో ఈ2, ఈ3, ఈ4 అని మూడు రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఈ4కు అల్జీమర్స్‌తో ఉన్న సంబంధం 1993లో బయటపడింది. ఒక ఈ4 ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లన్నది ముఖ్యంగా తెల్లవారిని చూసి కట్టిన లెక్క. జపాన్ వారిలో దాని ప్రభావం ఇంకా బలంగా కనిపించింది, ఆఫ్రికన్ అమెరికన్లలో తక్కువగా. నైజీరియాలోని ఇబాదాన్‌లో యొరూబా వృద్ధులను ఏళ్ల తరబడి గమనిస్తే, రెండు ఈ4లు ఉన్నవారిలోనే ముప్పు తేలింది. మన దేశంలో, హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో ఈ4 ఉన్నవారే తక్కువ. అయితే ఉన్నవారికి ముప్పు లేకపోలేదు. కాబట్టి మీ తమ్ముడి రిపోర్టు అబద్ధం కాదు. అందులోని అంకెను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు.

పదుల కొద్దీ జన్యు గుర్తులను కూడి ఇచ్చే స్కోరుతో చిక్కు ఇంకా ఎక్కువ. ఆ గుర్తుల్లో చాలావరకు జబ్బుకు కారణాలు కావు, కారణానికి పక్కన ఉండేవి. ‘వేపచెట్టు పక్క ఇల్లు’ అని ఒక ఊళ్లో ఆనవాలు చెబితే, ఇంకో ఊళ్లో వేపచెట్టు పక్కన వేరే వాళ్ల ఇల్లుంటుంది.

నా దగ్గరకు ఒకామె ఇలాంటి కాగితమే తెచ్చింది. విప్పి విప్పి చూసుకోవడంతో మడతల దగ్గర చిరిగిపోయింది. ఆరు నెలలుగా సరిగా నిద్ర లేదట. రక్తపోటు చూస్తే 170. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఎంత బాధ కలిగిందో చెప్పలేను, ఎందుకంటే నడివయసులో అదుపు తప్పిన బీపీ ఏ జాతి వారి మెదడుకైనా చేటే, దానికి మందుంది.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) రోగులను పరిశీలించి 2013లో ఒక విషయం తెలిపింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివారిలో కూడా. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుకునే మన ఇళ్ల సంగతి లాలాజలం పరీక్షకు తెలియదు.

మీకు ఇప్పుడు ఆ పరీక్ష అవసరం లేదు. మీ కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి అరవైలోపే ఈ జబ్బు వచ్చి ఉంటే మాట వేరు. అప్పుడు ముందుగా జన్యు నిపుణులతో మాట్లాడండి.

ఇంకొక మాట. మీ ఉత్తరంలో తమ్ముడి పరీక్ష ఉంది, మీ పరీక్ష గురించి అడిగారు. అమ్మకు ఏ పరీక్షలు చేయించారో రాయలేదు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు కూడా మతిమరుపుగా కనిపిస్తాయి, వాటికి చికిత్స ఉంది. చెవులు సరిగా వినబడుతున్నాయేమో కూడా చూపించండి. ఈ వారంలోనే ఆమెను న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లండి.