లెక్కల టీచర్ లేరా? అది ఏ రకం ఖాళీయో ముందు తేల్చుకోండి

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది తిరుపతి జిల్లా చంద్రగిరి మండలంలో ఒక పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో మా అబ్బాయి ఎనిమిది, అమ్మాయి పది చదువుతున్నారు. లెక్కల అయ్యోరు బదిలీ అయిపోయి ఐదు నెలలైంది, ఆ చోటికి ఇంతవరకు ఎవరూ రాలేదు. ఫిజికల్ సైన్స్ టీచర్ పేరు రిజిస్టర్లో ఉంది కానీ ఆయన్ని మండల ఆఫీసులో కాగితాల పనికి పెట్టుకున్నారు. హెచ్‌ఎం గారిని అడిగితే 'పైకి రాశాం' అంటున్నారు. తల్లిదండ్రులమంతా నెలకు తలా 200 వేసుకుని ప్రైవేటు మాస్టారును పెట్టుకుందామని కొందరు, గేటుకు తాళం వేస్తేగానీ కదలరని కొందరు అంటున్నారు. చట్టప్రకారం మేం టీచర్‌ను అడగొచ్చా? ఎవరిని అడగాలి? – ఒక తల్లి

జవాబు: అడగొచ్చమ్మా, హక్కుగానే అడగొచ్చు. కానీ 'మా బడికి టీచర్ లేరు, దయచేసి వేయండి' అని రాసిన అర్జీ ఎక్కడా కదలదు. ఎందుకంటే టీచర్ లేకపోవడం మూడు రకాలుగా ఉంటుంది. పోస్టు మంజూరై ఉండి మనిషి లేకపోతే అది క్లియర్ వేకెన్సీ. పోస్టులో మనిషి ఉండి, జీతం మీ బడి మీదే డ్రా అవుతూ, పని మాత్రం ఇంకోచోట చేస్తుంటే అది డిప్యుటేషన్. పిల్లల సంఖ్య తగ్గిందనో, బడి రకం మారిందనో హేతుబద్ధీకరణలో పోస్టునే వేరే బడికి తరలించేస్తే, కాగితం మీద అక్కడ ఖాళీ అనేదే ఉండదు. ఈ మూడింటికీ వర్తించే సెక్షన్లు వేరు, సంతకం పెట్టాల్సిన అధికారీ వేరు.

మీ సైన్స్ టీచర్‌ది రెండో రకం, అందులో అనుమానం లేదు. లెక్కల పోస్టు సంగతి మాత్రం తేలాలి. అది మొదటి రకమని మీరు అనుకుంటున్నారు, మూడోది కూడా కావచ్చు. బడులను, టీచర్ పోస్టులను సర్దిన 2022 నాటి ప్రభుత్వ ఉత్తర్వు జీవో 117ను ఉపసంహరించి 2025లో బడులను, పోస్టులను మళ్లీ సర్దారు. ఆ సర్దుబాటులో మీ లెక్కల పోస్టు ఉందో, పోయిందో చూడాలి.

చూడటం కష్టమేమీ కాదు. హెచ్‌ఎం గదిలో సాధారణంగా ఒక బోర్డు ఉంటుంది: పోస్టు పేరు, మంజూరైనవి, పనిచేస్తున్నవారు, ఖాళీలు. 'ఎస్‌ఏ గణితం' (స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచర్) అన్న వరుసలో ఏం రాసి ఉందో చూసి, తేదీ తెలిసేలా ఫొటో తీసుకోండి. పక్కనే ఉండే టైంటేబుల్‌నూ ఫొటో తీయండి. ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్‌లో ఎవరి పొట్టి సంతకం ఉందో చూడండి. చాలా బడుల్లో అక్కడ బయాలజీ టీచర్ పేరో, ఆటల టీచర్ (పీఈటీ) పేరో ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారికి ఆ కాగితం చూపిస్తే మీ పిల్లలకు లెక్కలు నడుస్తున్నట్టే లెక్క. హెచ్‌ఎం ఏం చేయగలరు, పీరియడ్ ఖాళీగా చూపలేరు కదా. కాబట్టి ఆయన మీద కోపం పెట్టుకోకండి, ఆయన పంపిన లేఖల నకళ్లే రేపు మీకు సాక్ష్యం.

ఇక చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 2009లోని 26వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే ఏ బడిలోనైనా టీచర్ల ఖాళీలు మొత్తం మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకూడదు. ఆ బాధ్యత నియామక అధికారిదే. ఈ పది శాతాన్ని మీ బడికి వేసి చూడండి. తొమ్మిది పోస్టులున్న బడిలో ఒక్క ఖాళీ ఉన్నా అది 11 శాతం. అంటే పది కంటే తక్కువ పోస్టులున్న ఏ బడిలోనైనా ఒక్క క్లియర్ వేకెన్సీ ఉంటే చాలు, సెక్షన్ ఉల్లంఘన జరిగినట్టే. మన పల్లెల్లో ఈ పరిమాణంలోని హైస్కూళ్లూ ఉన్నాయి, అయినా అర్జీల్లో ఈ లెక్క వేసి చూపినవి చాలా తక్కువ.

డిప్యుటేషన్ మీద వెళ్లిన సైన్స్ టీచర్‌ను ఈ పది శాతంలో కలపకండి. కాగితం మీద ఆ పోస్టు నిండే ఉంది, 'ఖాళీ లేదు' అని ఒక్క ముక్కలో జవాబిచ్చి అర్జీ మూసేస్తారు. దానికి 25(2) వాడాలి. ఒక బడిలో నియమించిన టీచర్‌ను ఇంకో బడికో, ఆఫీసుకో పంపి పని చేయించకూడదని, బోధనేతర పనులకు వాడకూడదని ఆ సెక్షన్ చెబుతోంది. 27వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపులు మూడే: పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులు. ఓటర్ల జాబితా సవరణ లాంటి పనిని కూడా టీచర్లతో సెలవు రోజుల్లో, బోధన లేని వేళల్లోనే చేయించాలని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. మండల ఆఫీసులో కాగితాల పని ఈ మూడింటిలో దేని కిందికీ రాదు.

బడికి ఎందరు టీచర్లుండాలో చెప్పే, ఈ చట్టం చివర ఉన్న షెడ్యూలు దగ్గర ఒక మెలిక ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తరగతికొక టీచర్ తప్పనిసరి, 35 మంది పిల్లలకు ఒకరు చొప్పున ఉండాలి, సైన్స్–గణితానికి ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండాలి. సైన్స్, గణితం ఒకే వరుసలో ఉన్నాయి, గమనించండి. బయాలజీ టీచర్ ఉంటే షెడ్యూలు నిండినట్టేనని శాఖ వాదించొచ్చు. అందుకే మీ అర్జీకి 26వ సెక్షన్‌నే వెన్నెముకగా పెట్టుకోండి, షెడ్యూలును పక్కన ఊతంగా చూపండి. ఒకవేళ పోస్టే తరలిపోయిందని తేలితే అప్పుడు షెడ్యూలే ముందుకు రావాలి, 26 పనికిరాదు.

ఇంకో సంగతి. ఈ చట్టం ఎనిమిదో తరగతి దాకానే, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. పదో తరగతి అమ్మాయి పేరు మీద అర్జీ పెడితే 'మీకు వర్తించదు' అనే అవకాశం ఇచ్చినట్టవుతుంది. అబ్బాయి పేరు మీద, అతని తల్లిగా మీరు పెట్టండి. ఎస్‌ఏ గణితం వస్తే ఎనిమిదికీ పదికీ ఆయనే చెబుతారు.

ఇప్పుడు చేయాల్సిన పని. తల్లిదండ్రుల కమిటీని కూర్చోబెట్టండి. 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు ఉండాలి. ఊరంతా సంతకాలు చేసిన మహజరు కంటే మినిట్స్ బుక్‌లో రాసిన ఒక్క తీర్మానానికి విలువెక్కువ. ఇలా రాయొచ్చు: 'మా పాఠశాలకు మంజూరైన ఇన్ని పోస్టుల్లో ఎస్‌ఏ గణితం పోస్టు ఫలానా తేదీ నుంచి ఖాళీగా ఉంది. ఇది విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ పరిమితికి మించినది. ఎస్‌ఏ ఫిజికల్ సైన్స్ ఫలానా తేదీ నుంచి బడిలో బోధించడం లేదు. ఇది 25(2)కు విరుద్ధం. గణితానికి వెంటనే సర్దుబాటు ద్వారా టీచర్‌ను ఇవ్వాలని, డిప్యుటేషన్ రద్దు చేయాలని తీర్మానించడమైనది.' వ్యక్తుల పేర్లు, ఆరోపణలు వద్దు. సంతకాలయ్యాక ఆ పేజీ జెరాక్స్ తీసుకోండి.

ఏ అధికారిని ఏం అడుగుతున్నామన్నది ముఖ్యం. జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) గారికి 'కొత్త టీచర్‌ను నియమించండి' అని రాస్తే, నియామకం డీఎస్సీ (టీచర్ల ఎంపిక పరీక్ష) ద్వారా ప్రభుత్వం చేయాల్సింది అని జవాబు వస్తుంది. 2025 మెగా డీఎస్సీలో రాష్ట్రమంతటికీ 16,347 పోస్టులు ప్రకటించినా ఖాళీ ఉన్న ప్రతి బడికీ మనిషి అందలేదు, తరువాతి డీఎస్సీ దాకా మీ అబ్బాయి ఆగలేడు. కానీ పక్క బడిలో మిగులుగా ఉన్న టీచర్‌ను మీకు సర్దడం, డిప్యుటేషన్ రద్దు చేయడం డీఈఓ చేతిలో పని. అదే అడగండి. తీర్మానం నకలు మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ)కి, డీఈఓకు ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. వాళ్లు ముద్ర వేయబోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

మూడో కాపీ జిల్లా పరిషత్ (జెడ్పీ) సీఈఓకు, అంటే ముఖ్య కార్యనిర్వహణాధికారికి. ఇక్కడే తిరుపతి జిల్లావాళ్లు పొరబడుతున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా జిల్లా పరిషత్తులు పాత జిల్లాల ప్రకారమే కొనసాగాయి. మీ డీఈఓ తిరుపతిలో, మీ జెడ్పీ చిత్తూరులో. అదే సూళ్లూరుపేట వైపు బడులైతే నెల్లూరు జెడ్పీ. 32వ సెక్షన్ కింద రాతపూర్వక ఫిర్యాదు తీసుకోవాల్సింది స్థానిక సంస్థ కాబట్టి ఈ చిరునామా తప్పితే ఫిర్యాదే తప్పుతుంది. '32వ సెక్షన్ కింద ఫిర్యాదు' అని పైనే రాయండి. వారు మీ మాట విని మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోయినా, అన్యాయంగా తేల్చినా రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లొచ్చు. జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూసే బడికి మూడు నెలలంటే ఏడాదిలో దాదాపు మూడో వంతు పోయినట్టు. అందుకే మిగతా దారులు కూడా అదే వారం మొదలుపెట్టండి.

వాటిలో ఒకటి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ నంబరు తప్పక తీసుకోండి. 'సంబంధిత అధికారికి పంపాం' అని రాసి పరిష్కారమైనట్టు మూసేస్తే, అసంతృప్తి తెలిపి మళ్లీ తెరిపించండి. రెండోది సమాచార హక్కు దరఖాస్తు. డీఈఓ ఆఫీసులోని పౌర సమాచార అధికారికి రాయండి, రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు కార్డు జెరాక్స్ పెడితే అదీ అక్కర్లేదు. మీ బడికి సబ్జెక్టులవారీగా మంజూరైన పోస్టులెన్ని, గణితం పోస్టు ఇప్పటికీ ఈ బడిదేనా, కాకపోతే ఏ ఉత్తర్వుతో ఎక్కడికి తరలించారు, ఈ బడి మీద జీతం డ్రా అవుతూ వేరేచోట పనిచేస్తున్న పోస్టులేవి, ఆ ఉత్తర్వుల నకళ్లు, హెచ్‌ఎం నుంచి వచ్చిన లేఖల తేదీలు అడగండి. టీచర్ల పేర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే తరువాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు చేయాలి.

నెలకు 200 సంగతి. ఇష్టమున్నవారు ఇచ్చుకుంటే తప్పులేదు, కానీ ఇవ్వలేని ఇంటి బిడ్డను ఆ క్లాసులో కూర్చోనివ్వకపోతే అది చట్టవిరుద్ధం, ప్రభుత్వ బడిలో ఫీజు వసూలు చేసినట్టవుతుంది. సాయంత్రం బడి వేళయ్యాక ఊళ్లో ఎక్కడైనా చెప్పించుకోండి. బడి వేళల్లో ఆ మాస్టారును టైంటేబుల్లో కూర్చోబెడితే మీ ఖాళీని మీరే పూడ్చి చూపించినట్టు. గేటు తాళం మాత్రం వద్దు. లోపలికి వెళ్లేవారిని ఆపితే భారతీయ న్యాయ సంహిత 126, విధులకు అడ్డుపడితే 221 కింద కేసు పెడతారు, ఆ పూట పిల్లల మధ్యాహ్న భోజనమూ ఆగుతుంది. డీఈఓ ఆఫీసు ముందు అనుమతి తీసుకుని కూర్చోండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇవన్నీ చేసినా కదలకపోతే హైకోర్టులో 226 అధికరణం కింద రిట్ వేయొచ్చు. టీచర్లతో సహా బడి వసతులన్నీ ఆరు నెలల్లో సమకూర్చాలని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులోనే అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది, ఆ తీర్పు మీకు అండ. ఫలానా టీచర్‌ను వేయమని కోర్టు సాధారణంగా చెప్పదు, మీ అర్జీని ఇన్ని వారాల్లో తేల్చమని గడువు పెడుతుంది. ఆ గడువే డీఈఓ చేత సంతకం పెట్టిస్తుంది. మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా మీకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, 15100కు ఫోన్ చేయండి, లేదా తిరుపతి కోర్టు ఆవరణలో న్యాయసేవల కమిటీని అడగండి.

వెళ్లేటప్పుడు తీర్మానం, ముద్ర ఉన్న అర్జీలు, సమాచార హక్కు జవాబు, బోర్డు ఫొటోలతో పాటు అబ్బాయి లెక్కల నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. టీచర్ ఎర్ర ఇంకుతో దిద్ది, తేదీ వేసి సంతకం చేసిన చివరి పేజీ ఒకటి ఉంటుంది. దాన్ని, దాని తరువాతి తెల్ల పేజీని కలిపి జెరాక్స్ తీసి అఫిడవిట్‌కు జతచేయించండి. లెక్కలు నడుస్తున్నాయని టైంటేబుల్ చూపించి శాఖ వాదిస్తే, జవాబు ఆ పేజీలో ఉంటుంది.